టాబ్లెట్టులో లినక్సు: తెగిపోయే బ్లూటూత్ బంధాలు

లాప్‌టాప్‌లో బ్లూటూత్ పని చెయ్యకపోతే చిరాకు. టాబ్లెట్టులో పని చెయ్యకపోతే చేతులు కట్టేసినట్టే. కీబోర్డు, మౌసు, చెవులకు తగిలించుకునే హెడ్‌సెట్టు అన్నీ ఆ ఒక్క రేడియో మీదే ఆధారపడతాయి. ఉన్న ఒకే ఒక్క యూఎస్‌బీ రంధ్రాన్ని ఛార్జరు ఆక్రమించి కూర్చుంటుంది. విండోస్‌తో వచ్చిన పాత టాబ్లెట్టుని పారెయ్యడానికి మనసొప్పక, దానిలో ఉబుంటునో ఫెడోరానో వేసుకున్న తెలుగు మిత్రులు నాకు ఇక్కడ సింగపూరులో చాలామందే ఉన్నారు. మొదటి వారం అందరూ "అద్భుతం" అంటారు. రెండో వారం ఫోను చేసి "బ్లూటూత్ కలవడం లేదు, ఏం చెయ్యాలి?" అంటారు.

ఇది "ఒంట్లో బాగాలేదు" అనడం లాంటిది. ఎక్కడ నొప్పి అని అడగకుండా మందివ్వడం కుదరదు. కానీ వెతికితే దొరికే సలహాల్లో చాలా భాగం మంత్రాలే: ఈ ప్యాకేజీ తీసేసి మళ్ళీ వెయ్యండి, ఆ సర్వీసు ఆపి మళ్ళీ మొదలుపెట్టండి, కెర్నెలు మార్చండి. ఒక్కోసారి పనిచేస్తాయి కూడా. ఎందుకు పనిచేసిందో తెలియదు కనక, మళ్ళీ చెడినప్పుడు మళ్ళీ మంత్రమే గతి. నేను చెప్పదలుచుకున్నది, ఈ సంబంధం ఏ మెట్టు మీద తెగుతోందో కళ్ళారా చూడడం ఎలాగన్నది. తెగిన చోటు తెలిస్తే మందు సాధారణంగా ఒకటి రెండు లైన్లే.

అన్నట్టు, ఆదేశాల పేర్లన్నీ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. టెర్మినల్లో మాత్రం ఎప్పటిలాగే ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి.

అసలు చిప్పు లేచిందా?

లినక్సులో బ్లూటూత్ కాపురం రెండు అంతస్తుల్లో ఉంటుంది. కింద కెర్నెలు, పైన బ్లూటూత్‌డీ అనే డీమను. రెంటినీ కలిపి బ్లూజెడ్ అంటారు. క్వాల్‌కామ్‌లో పుట్టి, 2001లో 2.4 కెర్నెలులో చేరిన ప్రాజెక్టు ఇది. తెర మీద కనిపించే నీలం బొమ్మ ఈ రెండంతస్తుల పైన కట్టిన పెంకుటిల్లు మాత్రమే. కాబట్టి ఆ బొమ్మని నొక్కుతూ కూర్చోవడం వల్ల ఏమీ తెలియదు.

ముందుగా "ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్" అని కొట్టండి. సాఫ్ట్ బ్లాక్ అని ఉంటే "ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ బ్లూటూత్" చాలు. హార్డ్ బ్లాక్ అని ఉంటే ఎక్కడో స్విచ్చో, ఎయిర్‌ప్లేన్ మీటో, బయాస్‌లో ఒక టిక్కో ఉందన్నమాట. సాఫ్ట్‌వేరుతో దాన్ని కదపలేం. ఆ జాబితాలో బ్లూటూత్ మాటే లేకపోతే చిప్పు ఇంకా లేవలేదు. అప్పుడు "జర్నల్‌సీటీఎల్ హైఫన్ కె" అని కొట్టి, ఆ కెర్నెలు సందేశాల్లో బ్లూటూత్ అన్న మాట కోసం వెతకండి. ఫర్మ్‌వేరు ఎక్కించడం విఫలమైంది, ఎర్రర్ మైనస్ 2 అని కనిపిస్తే సంతోషించండి, ఇది తేలిక రోగం. మైనస్ 2 అంటే ఫైలు దొరకలేదని అర్థం. ఈ చిప్పులు చాలావాటికి సొంత బుర్ర ఉండదు. లేచిన ప్రతిసారీ డ్రైవరు వచ్చి ఫర్మ్‌వేరు పాలు పట్టాలి. సందేశంలో ఏ ఫైలు కావాలో పేరుతో సహా ఉంటుంది. లినక్స్-ఫర్మ్‌వేర్ ప్యాకేజీని తాజా చేస్తే చాలాసార్లు సరిపోతుంది.

టాబ్లెట్లకే ప్రత్యేకమైన తిరకాసు ఇంకొకటి ఉంది. లాప్‌టాప్‌లో బ్లూటూత్ చిప్పు లోపల యూఎస్‌బీకి తగిలించి ఉంటుంది కనక "ఎల్ఎస్‌యూఎస్‌బీ" అంటే కనిపిస్తుంది. ఇంటెల్ బే ట్రెయిల్, చెర్రీ ట్రెయిల్ ప్రాసెసర్ల మీద కట్టిన చవక టాబ్లెట్లలో వైఫై ఎస్‌డీఐఓ దారిలోనూ, అదే చిప్పులో ఉన్న బ్లూటూత్ యూఏఆర్‌టీ దారిలోనూ, అంటే పూర్వకాలపు సీరియల్ పోర్టు దారిలోనూ వస్తాయి. రియల్‌టెక్ 8723బీఎస్ దీనికి మంచి ఉదాహరణ. దాని వైఫై డ్రైవరు 2017లో 4.12 కెర్నెలులోకి వచ్చింది. బ్లూటూత్ కోసం అప్పట్లో బయటి ప్రోగ్రాము ఒకటి తెచ్చుకుని చేత్తో నడపాల్సి వచ్చేది. హాన్స్ డి గూడె లాంటి వాళ్ళు పూనుకుని ఇలాంటి టాబ్లెట్లని ఒక్కొక్కటిగా మెయిన్ కెర్నెలుకి అలవాటు చేశారు. పాత సలహాలు చదివి ఆ బయటి ప్రోగ్రాముని ఇవాళ కూడా ఎక్కిస్తే, కెర్నెలు ఒకవైపు, అది ఒకవైపు అదే సీరియల్ దారిని లాగుతాయి. తీసెయ్యడమే మంచిది.

ఇంకో చిట్కా. రీస్టార్టుకీ పూర్తిగా ఆపి మళ్ళీ వెయ్యడానికీ తేడా ఉంది. రీస్టార్టులో చిప్పుకి కరెంటు పోకపోవచ్చు, లోపల చిక్కుకున్న స్థితి అలాగే ఉండిపోతుంది. విండోస్ కూడా ఉన్న టాబ్లెట్టయితే దానిలో ఫాస్ట్ స్టార్టప్ ఆపెయ్యండి. షట్‌డౌన్ చేశామని మనం అనుకుంటాం, అది నిజానికి కునుకు తీస్తుంటుంది.

బీటీమాన్ చెప్పే సంగతులు

చిప్పు లేచింది, కీబోర్డు పేరు కనిపిస్తోంది, అయినా కలవడం లేదు. ఫోన్లు వచ్చేది ఎక్కువగా ఇక్కడి నుంచే. రెండు టెర్మినళ్ళు తెరవండి. ఒకదాంట్లో "సుడో బీటీమాన్" నడపండి. రెండో దాంట్లో "బ్లూటూత్‌సీటీఎల్" లోకి వెళ్ళి, "కనెక్ట్" అని పరికరం చిరునామా ఇవ్వండి. మొదటి తెర మీద కెర్నెలుకీ చిప్పుకీ మధ్య జరిగే సంభాషణంతా పారుతుంది. భయపడకండి. మనకి కావలసింది చివర్లో స్టేటస్ అన్న చోట సక్సెస్ కాకుండా ఏముందన్నదే, కలిశాక తెగితే రీజన్ అన్న చోట ఏముందన్నదే. దాని పక్కన హెక్సాలో ఒక చిన్న సంఖ్య ఉంటుంది. ఇవి బ్లూటూత్ ప్రమాణంలో రాసి ఉన్న సంఖ్యలు కనక ఏ కంపెనీ చిప్పయినా ఒకటే అర్థం.

04 వస్తే పేజ్ టైమౌట్. మనం పిలిచాం, అవతల నుంచి పలుకు లేదు. కీబోర్డు నిద్రలో ఉంది, లేదా బ్యాటరీ అయిపోయింది, లేదా అది ఈపాటికే మీ ఫోనుతో కలిసి ఉంది. లినక్సుని తిట్టి లాభం లేదు. 08 వస్తే కనెక్షన్ టైమౌట్, అంటే కలిశాక దారిలో మాట వినపడకుండా పోయింది. ఇది రేడియో గోల, దాని సంగతి తరవాత చూద్దాం. 13 వస్తే అవతలి పరికరమే కావాలని తెంపేసింది. కలిసిన మరుక్షణం 13 వస్తుంటే, తనకి అక్కర్లేని సేవ ఏదో మనం అడుగుతున్నామనో, దానికి ఇంకో యజమాని ఉన్నాడనో అనుమానించాలి.

అసలు మజా 05, 06 లలో ఉంది. 05 అథెంటికేషన్ ఫెయిల్యూర్, 06 పిన్ ఆర్ కీ మిస్సింగ్. ఇద్దరికీ పరిచయముంది కానీ తాళంచెవులు కలవడం లేదు. టాబ్లెట్లలో నేను ఎక్కువగా చూసింది ఇదే.

రెండు ఇళ్ళు, ఒక తాళంచెవి

మా నాన్నగారు తెనాలిలో తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఏటా ఇక్కడికి వచ్చినప్పుడు వారాంతాల్లో మా స్నేహితుల పిల్లలకి టాబ్లెట్టు మీద వీడియో పాఠాలు చెబుతారు. ఇక్కడి బడుల్లో మాతృభాషగా తమిళం ఉంది, హిందీ, బెంగాలీ, పంజాబీ, గుజరాతీ, ఉర్దూ చదువుకునే ఏర్పాటూ ఉంది, తెలుగు లేదు. అంచేత మా పిల్లలకి అక్షరాలు వచ్చేది ఇలాంటి పాఠాల వల్లే. ఆయన టాబ్లెట్టులో విండోసూ ఉంది, లినక్సూ ఉంది. పద్దులు రాసుకునే ప్రోగ్రాము ఒకటి విండోస్‌లోనే నడుస్తుంది. మిగతాదంతా లినక్సులో.

"ఏరా అబ్బాయ్, ఈ కీబోర్డు నిన్న పనిచేసింది, ఇవాళ అలిగింది" అనేవారు. నిజమే, అది ఒక క్రమంలో అలిగేది. విండోస్‌లో జతపరిస్తే లినక్సులో కలవదు. లినక్సులో తీసేసి మళ్ళీ జతపరిస్తే విండోస్‌లో కలవదు. శనివారం పదింటికి ఎనిమిది మంది పిల్లలు తెర మీద చేరాక, గుణింతాలు టైపు చెయ్యలేక ఆయన వేళ్ళతో గాజుపలక మీద పొడుస్తుంటే చూడలేకపోయాను. బీటీమాన్ పెట్టి చూస్తే 05.

కారణం ఇది. రెండు పరికరాలు జతపడినప్పుడు 16 బైట్ల రహస్య సంఖ్య ఒకటి పుడుతుంది. ఇద్దరూ దాన్ని దాచుకుంటారు. తరవాత కలిసినప్పుడల్లా ఇద్దరి దగ్గరా ఉన్నది ఒకటేనా అని పరీక్షించుకుంటారు. టాబ్లెట్టులోని రేడియో చిప్పు చిరునామా విండోస్‌లోనైనా లినక్సులోనైనా అదే. కాబట్టి కీబోర్డు దృష్టిలో ఇద్దరూ ఒకే మనిషి. విండోస్‌లో కొత్తగా జతపరచగానే అది పాత తాళంచెవి పారేసి కొత్తది పెట్టుకుంటుంది. లినక్సు దగ్గర ఉన్నది పాతది. ఇందులో ఎవరి తప్పూ లేదు. ఒకే ఇంట్లో ఇద్దరు కాపురముంటున్నారని కీబోర్డుకి చెప్పే ఏర్పాటు లేదు, అంతే.

మందు: ముందు లినక్సులో జతపరచండి, తరవాత విండోస్‌లో జతపరచండి, ఆ తరవాత విండోస్ దగ్గరున్న తాళంచెవిని తెచ్చి లినక్సుకివ్వండి. విండోస్ దాన్ని రిజిస్ట్రీలో సిస్టమ్, కరెంట్ కంట్రోల్ సెట్, సర్వీసెస్, బీటీహెచ్‌పోర్ట్, పారామీటర్స్, కీస్ అన్న దారిలో దాస్తుంది. మామూలు అడ్మినిస్ట్రేటరుకి కూడా చూపించదు, సిస్టమ్ ఖాతా హక్కులతో తెరవాలి. లేదా లినక్సులోంచే విండోస్ విభాగాన్ని మౌంటు చేసి, సీహెచ్ఎన్‌టీపీడబ్ల్యూ అనే చిన్న పనిముట్టుతో ఆ రిజిస్ట్రీ ఫైలు చదవచ్చు. నాకు ఈ రెండో దారే హాయి. అప్పుడు రిజిస్ట్రీ దారిలో కరెంట్ కంట్రోల్ సెట్ బదులు కంట్రోల్‌సెట్001 అని ఉంటుంది, గమనించండి.

లినక్సు వైపు ఇది /వార్/లిబ్/బ్లూటూత్ కింద ఉంటుంది. లోపల మన చిప్పు చిరునామాతో ఒక ఫోల్డరు, దానిలో కీబోర్డు చిరునామాతో ఇంకో ఫోల్డరు, దానిలో ఇన్ఫో అనే ఫైలు. రూట్ హక్కులతో తెరిస్తే లింక్‌కీ అన్న శీర్షిక కింద 32 హెక్సా అంకెలు కనిపిస్తాయి. విండోస్ సంఖ్యలోని కామాలు, ఖాళీలు తీసేసి, పెద్ద అక్షరాలుగా మార్చి అక్కడ పెట్టండి. బ్లూటూత్ సర్వీసుని రీస్టార్టు చెయ్యండి. అయిపోయింది.

కీబోర్డు కొత్త తరహాది, అంటే బ్లూటూత్ లో ఎనర్జీది అయితే కొంచెం చాకిరీ ఎక్కువ. లింక్‌కీ బదులు లాంగ్‌టర్మ్‌కీ ఉంటుంది, దానితో ఈడివ్, ర్యాండ్ అనే సంఖ్యలు ఉంటాయి. ఈ రెండూ విండోస్‌లో హెక్సాలోనూ, లినక్సులో దశాంశంలోనూ ఉంటాయి కాబట్టి మార్చి రాయాలి. పైగా కొన్ని మౌసులు, కీబోర్డులు జతపడిన ప్రతిసారీ తమ చిరునామానే కొద్దిగా మార్చుకుంటాయి. అప్పుడు లినక్సులోని ఫోల్డరు పేరు కూడా విండోస్‌లో కనిపించే చిరునామాకి మార్చాలి. ఇది తెలియక అరపూట పోగొట్టుకున్నవాళ్ళని ఎరుగుదును. ఒక హెచ్చరిక: సాయం అడిగేటప్పుడు ఆ ఇన్ఫో ఫైలుని ఉన్నదున్నట్టు నలుగురికీ పంపకండి. అది మీ ఇంటి తాళంచెవి ఫోటో.

టాబ్లెట్టులో ఒక్క లినక్సే ఉండి 06 వస్తుంటే ఇంత అక్కర్లేదు. బ్లూటూత్‌సీటీఎల్‌లో "రిమూవ్", తరవాత "స్కాన్ ఆన్", "పెయిర్", "ట్రస్ట్", "కనెక్ట్". నాలుగోది చాలామంది వదిలేస్తారు. ట్రస్ట్ చెయ్యకపోతే కీబోర్డు నిద్ర లేచి తనంతట తాను తలుపు తట్టినప్పుడు బ్లూటూత్‌డీ ఎవరినైనా అనుమతి అడగాలని చూస్తుంది. "ఒకసారి కలిసింది, పొద్దున్నకి కలవలేదు" అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మందు ఈ ఒక్క మాటే.

సింగపూరులో దొరికిన లోపం

తాళంచెవులన్నీ సరిగానే ఉన్నాయి, కెర్నెలు తాజా చెయ్యగానే పోయింది, ఎందుకు? దీనికి సింగపూరుతో సంబంధమున్న కథ ఒకటి ఉంది.

క్లాసిక్ బ్లూటూత్‌లో రెండు పరికరాలు సంభాషణని గుప్తం చేసుకునే ముందు, తాళంచెవిలో ఎన్ని బైట్ల బలం ఉండాలో మాట్లాడుకుంటాయి. 1 నుంచి 16 దాకా ఎంతైనా ఒప్పుకోవచ్చు. విచిత్రమేమిటంటే ఆ బేరం మాత్రం బాహాటంగా జరుగుతుంది. మధ్యలో ఒకడు దూరి "ఒక్క బైటు చాలు" అనిపిస్తే ఇద్దరూ సరేనంటారు. ఒక్క బైటు అంటే 256 ఊహలు, అంతే. ఇక్కడి సింగపూర్ యూనివర్సిటీ ఆఫ్ టెక్నాలజీ అండ్ డిజైన్‌లో ఉన్న డానియెల్ ఆంటోనియోలి, జర్మనీలోని సిస్పాకి చెందిన నిల్స్ ఓలె టిప్పెన్‌హవర్, ఆక్స్‌ఫర్డుకి చెందిన కాస్పర్ రాస్ముసెన్ దీన్ని కనిపెట్టి, 2019 ఆగస్టులో నాబ్ అన్న పేరుతో ప్రకటించారు. సీవీఈ-2019-9506 అంటే ఇదే.

లినక్సు కెర్నెలులో కనీసం 7 బైట్లుండాలన్న నిబంధన ఆ ప్రకటనకి ముందే వచ్చేసింది. మార్పు వివరణలో నాబ్ పేరు లేదు, లో ఎనర్జీతో సమానం చేస్తున్నాం అని మాత్రమే ఉంది. ఆ తనిఖీని సంబంధం ఏర్పడే చోటనే పెట్టారు. బ్లూటూత్ 2.1, అంటే 2007 నాటి ప్రమాణం నుంచి, పిలిచేవాడే ముందుగా సంభాషణని గుప్తం చేసుకుని రావాలి. అంతకు ముందు తరం పరికరాలు అలా కాదు, సేవ అడిగే సమయంలో గుప్తం చేసుకుంటాయి. కాబట్టి వాటి విషయంలో ఈ తనిఖీ పొరపాటున అడ్డుపడింది. నిక్షేపంలాంటి పాత కీబోర్డులు, హెడ్‌సెట్లు కలవడం మానేశాయి. 2019 జూన్‌లోనే ఆ తనిఖీని ఒక మెట్టు పైన ఉన్న ఎల్2క్యాప్ పొరలోకి జరిపి సరిచేశారు. జులైలో విడుదలైన 5.2లో ఆ సవరణ ఉంది. మధ్యలో ఆ కొద్ది వారాల్లో కెర్నెలు తాజా చేసినవాళ్ళకి అసలు కారణం తెలిసే అవకాశమే లేదు, రహస్యం ఆగస్టుదాకా బయటికి రాలేదు కదా.

2023 డిసెంబరులో ఇలాంటిదే ఇంకొకటి జరిగింది. జతపడకుండానే ఎవరో ఒకరు కీబోర్డులా నటిస్తూ మన యంత్రంలో మీటలు నొక్కగల లోపాన్ని మార్క్ న్యూలిన్ బయటపెట్టారు, సీవీఈ-2023-45866. లినక్సులో దానికి మందుగా ఇన్‌పుట్ డాట్ కాన్ఫ్ ఫైలులో క్లాసిక్‌బాండెడ్‌ఓన్లీ అన్న అమరికని ట్రూ చేశారు. దాంతో పద్ధతిగా జతపడని కొన్ని పాత గేమ్ పాడ్లు కలవడం మానేశాయి. వెంటనే "దాన్ని ఫాల్స్ చెయ్యండి, పనిచేస్తుంది" అనే సలహా పుట్టింది. పనిచేస్తుంది, నిజమే. కానీ ఆటబొమ్మ కోసం, మనం పాస్‌వర్డులు కొట్టే యంత్రానికి దొడ్డితలుపు తీసిపెట్టడం అది. ఇంట్లోనే వాడే టాబ్లెట్టు కదా అంటారేమో. చాంగి విమానాశ్రయంలోనూ ఎంఆర్‌టీ రైలులోనూ ఒళ్ళో పెట్టుకుని వాడేదీ అదే టాబ్లెట్టు. నా మటుకు నేను ఆ గేమ్ పాడ్‌ని తీగతో వాడతాను.

అదే విశ్వవిద్యాలయంలోని పరిశోధకులు 2020లో స్వేన్‌టూత్, 2021 ఆగస్టులో బ్రాక్‌టూత్ అనే లోపాల గుత్తుల్ని బయటపెట్టారు. బ్లూటూత్ అన్న పేరు డెన్మార్కు రాజు హెరాల్డుది. స్వేన్ ఆయన మీద తిరగబడ్డ కొడుకు. పేరు పెట్టడంలో కూడా సరసముంది! బ్రాక్‌టూత్‌లో 11 కంపెనీల 13 పరికరాల్ని పరీక్షించి 16 కొత్త లోపాలు పట్టారు. వాటిలో ఇంటెల్ ఏఎక్స్200 ఒకటి. సర్ఫేస్ గో 2, సర్ఫేస్ ప్రో 7 లాంటి టాబ్లెట్ల పేర్లూ ఆ నివేదికలో కనిపిస్తాయి. ఈ లోపాలు చిప్పు లోపలి ఫర్మ్‌వేరులో ఉంటాయి. వీటిలో చాలావాటికి ఫలితం చిప్పు బిగుసుకుపోవడం. బ్లూజెడ్‌ని ఎన్నిసార్లు తీసి వేసినా ఆ లోపాలు పోవు. లినక్స్-ఫర్మ్‌వేర్ తాజా చెయ్యమని మొదట్లో అన్నది అందుకు కూడా.

గాలిలో గలాటా

ఇక 08 సంగతి. క్లాసిక్ బ్లూటూత్ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర ఒక్కో మెగాహెర్ట్జ్ వెడల్పున్న 79 దారుల మీద సెకనుకి 1600 సార్లు గెంతుతుంది. రద్దీగా ఉన్న దారుల్ని తప్పించుకునే తెలివి 2003లో వచ్చిన 1.2 నుంచి ఉంది. కానీ తప్పించుకోవడానికి ఖాళీ అంటూ ఉండాలి కదా. సింగపూరు నివాసుల్లో నూటికి డెబ్బై మందికి పైగా ఉండేది హెచ్‌డీబీ ఫ్లాట్లలో. గోడకి అటూ ఇటూ పైనా కిందా అందరి వైఫైలూ మనింట్లోకి వస్తాయి. దానికి తోడు టాబ్లెట్టులో వైఫై, బ్లూటూత్ తరచు ఒకే చిప్పు, ఒకే యాంటెన్నా. వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చండి. ఈ ఒక్క పనితో నయమైన కేసులు నాకు తెలిసి చాలా ఉన్నాయి. యూఎస్‌బీ 3 హబ్బో హార్డ్ డిస్కో టాబ్లెట్టు పక్కనే ఉంటే కాస్త దూరం జరపండి. అవి 2.4 దగ్గర రొద చేస్తాయని ఇంటెల్ వాళ్ళే 2012లో పత్రం రాశారు. మనిషి ఒళ్ళు కూడా అడ్డమే. 2020 మార్చి నుంచి 2023 ఫిబ్రవరి దాకా ఇక్కడ మనందరం మోసిన ట్రేస్‌టుగెదర్ గుర్తుందిగా. బ్లూటూత్ సంకేతాన్ని బట్టి ఎవరు ఎంత దగ్గరగా ఉన్నారో అంచనా కట్టడంలో దానికున్న పెద్ద చిక్కుల్లో, ఫోను జేబులో ఉందా సంచిలో ఉందా అన్నదొకటి.

కలిసింది, కానీ నూతిలోంచి మాట్లాడుతోంది

కీబోర్డు కుదిరాక నాన్నగారి హెడ్‌సెట్టు మొదలైంది. పాటలు వింటే శ్రావ్యంగా ఉంటుంది, పాఠం మొదలుపెట్టగానే పిల్లల గొంతులు నూతిలోంచి వచ్చినట్టుంటాయి. ఆయనకి ఒక చెవి సరిగా వినపడదు. ఎవరు "శ" అన్నారో ఎవరు "ష" అన్నారో తేలకపోతే మాస్టారికి పాఠం సాగదు.

ఇది తెగడం కాదు, దిగడం. పాటల కోసం వాడే ఏ2డీపీ ఒంటిదారి రోడ్డు, మైకుకి చోటు లేదు. ఏదైనా ప్రోగ్రాము హెడ్‌సెట్టు మైకు అడగగానే సంబంధం ఫోను మాటల కోసం చేసిన హెచ్ఎఫ్‌పీకి దిగుతుంది. అందులో పాత సీవీఎస్‌డీ పద్ధతయితే సెకనుకి 8 వేల నమూనాలు, ఎంఎస్‌బీసీ అయితే 16 వేలు. శషసల తేడాని పట్టిచ్చే హెచ్చు పౌనఃపున్యాలు 8 వేలలో పట్టవు. 2021లో ఫెడోరా 34 నుంచి శబ్దం పనంతా పైప్‌వైర్ చేతిలోకి వచ్చాక, రెండు వైపులా ఉంటే ఎంఎస్‌బీసీ దానంతటదే కుదురుతుంది. సౌండు అమరికల్లో హెడ్‌సెట్టు ప్రొఫైలు చూడండి, ఎంఎస్‌బీసీ కనిపిస్తే అదే ఎంచుకోండి.

మా ఇంట్లో అదీ చేసి, అంతకన్నా మొరటు ఉపాయం కూడా పెట్టాను. వీడియో ప్రోగ్రాములో మైకుగా టాబ్లెట్టు సొంత మైకుని ఎంచి, హెడ్‌సెట్టుని వినడానికి మాత్రమే వదిలాను. మైకు ఎవరూ అడగరు కనక ఏ2డీపీ అలాగే ఉండిపోతుంది. గది నిశ్శబ్దంగా ఉంటే దీన్ని మించింది లేదు.

మరిచిపోయేలోపు చెప్పాల్సింది ఒకటుంది. డిస్కుని గుప్తం చేసుకున్న టాబ్లెట్టయితే, బూటయ్యే ముందు పాస్‌వర్డు అడిగే తెర దగ్గర బ్లూటూత్ కీబోర్డు మామూలుగా పనిచెయ్యదు. బ్లూటూత్‌డీ అప్పటికి ఇంకా లేవలేదు, తాళంచెవులు ఆ గుప్తమైన డిస్కు లోపలే ఉన్నాయి. తెర మీది కీబోర్డు అక్కడ రాకపోతే యూఎస్‌బీ ఓటీజీ తీగ ఒకటి, తీగ ఉన్న కీబోర్డు ఒకటి ఇంట్లో ఉంచుకోండి. ఊరెళ్ళేటప్పుడు కనీసం ఆ తీగైనా సంచిలో వేసుకోండి, కీబోర్డు ఎవరి దగ్గరైనా దొరుకుతుంది.